టీచరక్క కిటికీలో ఎక్స్‌రే ఫిల్ము

మా పక్క క్వార్టర్ టీచరక్క మొన్న తెల్లవారేసరికి లేదు. నిద్రలోనే పోయిందని ఆమె కోడలు గోడ అవతలి నుంచి చెప్పింది. ఇక నా ఫికర్లు ఎవరికి చెప్పుకోవాలా అన్నదే నాకు ముందుగా వచ్చిన ఫికర్. తెలంగాణ వచ్చిన రోజు మా క్వార్టర్ల లైనంతా తిరిగి చక్కెర పంచిన మనిషి.

ఆమెది మంథని. మా బొగ్గు గనుల కాలనీ బడిలో సైన్సు చెప్పి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సైరన్ మోగగానే నేను తీగ మీది బట్టలు లాగి, గిన్నెల మీద మూతలు పెట్టి, గోడలు పగిలాయేమోనని ఇల్లంతా తిరిగేదాన్ని. ఆమె మాత్రం అరుగు మీదే కూర్చుని టీ తాగేది. "దుమ్ము దిగనియ్యి చెల్లె, అప్పుడు చూద్దాం" అనేది. నేను ఏ దిగులు చెప్పుకున్నా అదే మాట.

ఒక యేడు మా ఆయనకు దగ్గు పట్టుకుంది. బొగ్గు బాయిలో పనిచేసే అందరిలాగే ఆయనకూ ఒక భయం. ఎక్స్‌రే ఫిల్ము తీస్తే ఛాతిలో దుమ్ము కనిపిస్తుంది, అన్‌ఫిట్ రాస్తారు, ఇంటికి పంపుతారు. దవాఖాన పేరెత్తితే చాలు, డ్యూటీకి లేటయిందని లేచిపోయేవాడు. పోతే ఏం రాస్తారోనని, పోకపోతే ఊపిరి ఏమవుతుందోనని నాకు ముద్ద దిగేది కాదు.

టీచరక్క ఆయన దగ్గు సంగతే ఎత్తలేదు. ఒక సాయంత్రం శనగ గుడాలు ఉడికించి తెచ్చి పెట్టి, పేపర్లో చదివానంటూ ఆకాశంలో ఎంతో దూరాన వెలిగే క్వాసార్ల గురించి చెప్పింది. నాకు ఆ పేరు నోరు తిరగలేదు, దూరపు చుక్కలన్నాను. చుక్కలు కావు గానీ కానియ్యమంది. కొన్నిటి వెలుగు మన భూమి పుట్టకముందే బయలుదేరిందట. కొన్నిటి చుట్టూ దట్టంగా దుమ్ము ఉంటుందట. మామూలు వెలుగు అందులోనే ఆగిపోయినా, ఎక్స్‌రేలు దాటి వస్తాయట. అవి నా వడియాల మీద పడవు కదా అని అడిగితే నవ్వింది. "గాలే ఆపుతది. అందుకే దుర్బిణిని గాలి దాటి పైకి పంపిన్రు."

అప్పటిదాకా గుడాలు తింటూనే ఉన్న మా ఆయన తలెత్తాడు. "గట్లయితే, ఎక్స్‌రే తీసినంక దానికి అన్‌ఫిట్ రాసిన్రా వదినా?"

"లేదు మరిది. అంత దుమ్ముల ఉండి ఎంత గట్టిగ వెలుగుతున్నదో అప్పుడే తెలిసింది."

మర్నాడు తానే దవాఖానకు పోయాడు. ఫిల్ము తెచ్చి ముందు ఆమె చేతికే ఇచ్చాడు. నేను డాక్టరును కాదు అంటూనే ఆమె దాన్ని తన వంటింటి కిటికీకి ఆనించింది. నల్లటి ఊపిరితిత్తుల్లో ఒక పక్క తెల్లగా మబ్బులా ఉంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. డాక్టరు దాన్ని నెమ్ము అన్నాడు, మందులతో తగ్గింది. ఎవరూ అన్‌ఫిట్ రాయలేదు. రిటైరయ్యేదాకా డ్యూటీ చేశాడు. ఆ తర్వాత మా లైన్లో ఎవరి ఫిల్మయినా ముందు ఆ కిటికీకే వచ్చేది. ఆమె ఓ చూపు చూసి, ధైర్యం చెప్పి, డాక్టరు దగ్గరికి తోలేది.

నిన్న మళ్లీ సైరన్ మోగింది. బట్టలు లాగి ఒళ్లో పెట్టుకున్నాను. దుమ్ము లేచి ఆమె కిటికీ కనిపించకుండా పోయింది. లోపలికి రమ్మంటే మా ఆయన అరుగు మీది నుంచి లేవలేదు.

"దుమ్ము దిగనియ్యి" అన్నాడు.

పక్కన కూర్చున్నాను. కాసేపటికి ముందు ఆమె కిటికీ చువ్వలు కనిపించాయి, తర్వాత అద్దం, ఆ అద్దం మీద ఎండ.