దేవదానం మిస్త్రీ ‘మంచిగుంది’ అంటే

మొన్న మంగళవారం బోధన్ మున్సిఫ్ కోర్టులో ఒక గట్టు తగాదాలో సాక్షిని ప్రశ్నిస్తుండగా మా గుమాస్తా వెనకనుంచి వచ్చి నా నల్లకోటు అంచు పట్టి లాగాడు. అతడెన్నడూ అట్లాంటి పని చేయడు. “సార్, దేవదానం మిస్త్రీ పోయిండట. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండట” అన్నాడు చెవిలో. సాక్షిని ఏమడగబోతున్నానో మరచిపోయాను. వాయిదా కోరి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. డెబ్బయ్యో ఏటికి చేరువైన మనిషి, ఏడాదిగా ఆయాసంతో బాధపడుతున్న మనిషి. ఈ వార్త ఏనాడైనా రావలసిందేనని బుద్ధికి తెలుసు. మనసు మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు.

నిజామాబాదు నుంచి బోధన్ వరకు పాత బండి కొనదలచిన వారిలో ఆయనను ఎరగనివారు అరుదు. ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఇంజను లోపల తిరిగే ఇరుసును మోసేది బేరింగు. అది పైకి కనబడదు. అది అరిగిపోయిన బండి కూడా కొత్త రంగు వేసుకుని పెళ్ళికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. కొన్న నెలకో రెండు నెలలకో నడిరోడ్డు మీద ప్రాణం తీస్తుంది. ఆ కనబడని దానిని చెవితో పట్టుకోగల మహనీయుడు దేవదానం మిస్త్రీ. బోధన్ పొలిమేరలోని ఆయన రేకుల షెడ్డు ముందు ‘మంచిగుంది’ అన్న ఒక్క మాట కోసం గంటల తరబడి కాచుకున్న షావుకార్లను, పటేళ్ళను, ఉద్యోగులను నేను కళ్ళారా చూశాను.

మెథడిస్టు కుటుంబంలో పుట్టిన ఆయన చదివింది తక్కువ. చెరుకు గానుగలను తిప్పే ఆయిల్ ఇంజన్లకు తెల్ల లోహం కరిగించి బేరింగులు పోయడం, వాటిని గీకి గీకి ఇరుసుకు అమర్చడం ఆయన తొలివిద్య. గానుగ ఇంజను మధ్యలో ఆగితే పిండిన రసం పులిసిపోతుంది, రైతు కష్టం నేలపాలవుతుంది. అందువల్ల ఆ పనిలో ఉన్నవాడి మాటకు ఈ ప్రాంతంలో వైద్యుడి మాటకున్నంత విలువ.

ఆయన పరీక్షకు కొన్ని నియమాలుండేవి. బండిని ముందురోజే తెచ్చి షెడ్డులో వదలాలి. తెల్లవారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయనే స్టార్టు చేయాలి. నూనె కొంత దింపి తెల్లని ధోవతి గుడ్డ మీద పోసి, ఎండలో పెట్టి, లోహపు నలుసులేమైనా మెరుస్తున్నాయేమో చూసేవారు. ఆ తరువాత ఒక కర్రకొన ఇంజనుకు, రెండో కొన చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవారు. “ఇంజన్ అబద్ధమాడది సాబ్. మనమే దాన్ని గరం జేసి అబద్ధమాడిపిస్తం” అనేవారు.

మరొక నియమం నాకు మరీ ఇష్టం. అమ్మేవాడు ఎదురుగా లేకుండా బండి తప్పు చెప్పేవారు కాదు. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఉన్నదున్నట్టు చెప్పేవారు. ఒకసారి నాందేడ్ నుంచి వచ్చిన దలాలు ఒకడు మరాఠీలో తిట్టిపోశాడు. మిస్త్రీ ఓపికగా విని, “చాయ్ సల్లారుతుంది, తాగి తిట్టు” అన్నారు. ఆదివారం ప్రార్థనకు చర్చిలో వెనక వరుసలో కూర్చునేవారు. దారిన ఏదైనా లారీ పోతే తల అటు తిప్పేవారని, అందుకే పాస్టరుగారే ఆయనను కిటికీకి దూరంగా కూర్చోబెట్టారని చెప్పుకునేవారు. అడిగితే ఆయన కాదనలేదు.

ఇక నా కథ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలలో హైదరాబాదు జాగీర్దార్ల కార్లు ఒక్కొక్కటే అమ్మకానికి జిల్లాలకు దిగుతుండేవి. నేనప్పుడే వకాలత్ మొదలుపెట్టిన పడుచువాణ్ణి. నెత్తిన కోతులు ఆడే వయసు. ఒక దలాలు తెచ్చిన విలాయతీ కారు, రెండే సీట్లు, పైన కప్పు లేనిది, పరుగు పందాలలో పాల్గొన్నదని అతడు చెప్పినది, నన్ను నిలువునా పడగొట్టింది. ధర్పల్లిలో పసుపు పండించే మా బాపుకు కార్లంటేనే గిట్టదు. “దేవదానం మిస్త్రీ మంచిగుందంటె తీస్కో. ఆయన అనకపోతె నా ముంగట ఆ ముచ్చటే తేవద్దు” అని తేల్చేశాడు.

మిస్త్రీ మామూలుగానే తెల్లవారి చూశారు. నూనె చిక్కగా, శుభ్రంగా గుడ్డ మీదికి జారింది. నలుసు లేదు. కర్ర ఆనించి చాలాసేపు విన్నారు. “మంచిగుంది సాబ్” అన్నారు. నేను ఎగిరి గంతేశాను.

పది రోజులు ఊళ్ళో ఊరేగాను. పదకొండో రోజు మధ్యాహ్నం నిజామాబాదు రోడ్డు మీద, ఎదురుగా ఎవరూ లేరని, దాని అసలు వేగం చూద్దామని కాలు అదిమాను. వేగం పుంజుకుంది. కాలు తీసీ తీయగానే లోపలెవరో సుత్తెతో బాదుతున్నట్టు చప్పుడు. ఆ వెంటనే పొగ. ఆ తరువాత నిశ్శబ్దం. చెరుకు ఫ్యాక్టరీలో దించి తిరిగి వస్తున్న ఎడ్లబండి ఒకటి ఆగింది. బండివాడు కారును చుట్టూ తిరిగి చూసి, “వకీల్ సాబ్, గీ గుర్రం గడ్డి తింటదా?” అన్నాడు. ఆ ఎడ్లకే కట్టి నా పందెపు కారును బోధన్ దాకా లాక్కొచ్చారు. దారి పొడుగునా జనం చేలల్లోంచి లేచి చూశారు.

మిస్త్రీ ఇంజను విప్పారు. అరిగి, కరిగి, సగం తుడిచిపెట్టుకుపోయిన బేరింగు రేకును నా అరచేతిలో పెట్టారు. “తప్పు నాది సాబ్. నూనె చిక్కగుందని నేనే సంబురపడ్డ” అన్నారు. మా చెరుకు సీమలో చిక్కని నూనె వాడేవాడే జాగ్రత్తపరుడు. గానుగ ఇంజను నిదానంగా, బరువుగా తిరుగుతుంది. దానికి చిక్కదనం మేలు. ఈ కారులో దలాలు పాత నూనె తీసి కొత్తగా అంత చిక్కటిది పోసింది అరిగిన బేరింగు చప్పుడును కప్పిపుచ్చడానికి. పైగా మిస్త్రీ గానుగను విన్నట్టే దీనినీ నిదానంగా తిప్పి విన్నారు. వేగంగా తిరిగే ఇంజనును వేగంలోనే వినాలని ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియదు.

అవి గానుగలు జోరుగా నడిచే రోజులు. రోజుకొక రైతు ఇంజను చూపించుకోవడానికి వస్తున్నాడు. ఆయన మాట తప్పిందని పొక్కితే ఆయన బతుకే పోతుంది. నాకు భయం వేసింది. “అన్నా, గీ సంగతి మనిద్దరి నడుమనే ఉండనీ. నేనే నూనె చూసుకోకుంట నడిపిన అని బాపుకు చెప్త” అన్నాను.

“నూనె సరిగ్గనే ఉంది గద సాబ్.”

“ఉంటే ఉండనీ. నేనట్లనే చెప్త.”

“మీరు వకీలు గద, చెప్తరు. నాకు రాదు” అని చేతులు కడుక్కుని, సైకిలు ఎక్కి బస్టాండుకు పోయారు. నాకు దిక్కుతోచక నేనూ వెంటపడ్డాను.

ధర్పల్లిలో బాపు పసుపు ఉడకబెట్టిస్తున్నాడు. మిస్త్రీ పొయ్యి ముందు నిలబడి, “పటేలా, మీ కొడుకు బండి ఖరాబైంది. ఆయన తప్పు లేదు. నేను సరిగ్గ సూడలే” అన్నారు.

బాపు కట్టెలు ఎగదోస్తూ, “నువ్వు రాకపోతె నాకు తెలుస్తుండెనా?” అని అడిగాడు.

“తెల్వకపోవు.”

“మరి గింత దూరమొచ్చి ఎందుకు చెప్పినవ్?”

“రేపు మీ బాయికాడి ఇంజన్ సూసి మంచిగుందంటె, మీరు నమ్మాలె గద పటేలా.”

బాపు తిట్టలేదు, నవ్వలేదు. “బువ్వ తిని పో” అన్నాడు. ఇంట్లోకి తీసుకుపోయి తన పక్కనే పీట వేయించాడు. అప్పటిదాకా మా ఇంట్లో క్రైస్తవుడెవరికీ లోపల విస్తరి వేయగా నేను చూడలేదు. వడ్డిస్తున్న మా అవ్వ చేయి క్షణం ఆగింది, మళ్ళీ వడ్డించింది. ఆనాడు బాపును చూసి నేను గర్వపడ్డాను.

అయితే మిస్త్రీ అంతటితో ఆగలేదు. బండి చూడమని ఎవరొచ్చినా ముందు ఈ కథ చెప్పి, “గిప్పుడు సూడమంటరా?” అని అడిగేవారు. ఆ ఏడు చాలామంది తమ ఇంజన్లను నిజామాబాదుకు తోలుకుపోయారు. షెడ్డు ముందు బల్ల ఖాళీగా ఉండేది. ఆయన ఆ తీరికలో నా కారు బేరింగులు తానే పోసి, ఎక్కడ ఎత్తుందో తెలిసేందుకు నీలిరంగు పూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా గీకి అమర్చారు. నాకు కోపమొచ్చి ఒకనాడు, “అన్నా, తాలూకా అంతట నా బండి పరువు తీస్తున్నవు” అన్నాను. “బండిది కాదు సాబ్, నాదే తీసుకుంటున్న. తప్పు దాసిపెట్టి మంచిగుందంటె, గా మాటకు వజన్ ఏడుంటది?” అన్నారు. యాభై దాటిన వయసులో నన్ను రోడ్డు మీద వేగంగా తోలమని, పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, నేను కాలు తీసిన క్షణాన ఇంజను ఏమంటుందో వినడం కొత్తగా నేర్చుకున్నారు. మరుసటి ఏడు రైతులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మొదట వచ్చింది మా బాపు బావి ఇంజను.

కోర్టులో నేను ఎందరి తప్పులనో కప్పి వాదించాను. గెలిచాను కూడా. తన తప్పును తానే మోసుకుని ఊరూరా చెప్పిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన సాంగత్యం నా జీవితానికి లభించిన మహాభాగ్యం.

బుధవారం సమాధి కార్యక్రమం జరిగింది. శుక్రవారం పొద్దున కోటగిరి నుంచి ఒక రైతు మా వాకిట్లోకి వచ్చాడు. వెంట ఒక పాత జీపు, దాన్ని అమ్మే మనిషి. “షెడ్డుకు తాళముంది సార్. మిస్త్రీ ఏడికి పోయిండో మీకెరికుంటదన్నరు” అన్నాడు. చెప్పాను. అతడు అట్లాగే మెట్టు మీద కూలబడ్డాడు. “ఇగ ఎవల్ని అడగాలె సార్?” అన్నాడు. పదిహేనేళ్ళు ఆయన పరీక్షల కోసం ఆయన పక్కన కూర్చుని బండి తోలినవాణ్ణి. ఒక్క పేరైనా చెబుదామని ఎంత వెతికినా నోట రాలేదు. ముఖపరిచయం లేని ఆ మనిషి పక్కన, అదే మెట్టు మీద కూర్చుని, సమాధి దగ్గర రాని ఏడుపు ఏడ్చాను.