బకెట్లో పూసిన వేపకొమ్మ

మొన్న గల్ఫులో మా ఫుజైరా ఆసుపత్రి పాతవాళ్ళం ఒకచోట కలిసినప్పుడు, ఆ ఏడు ఉగాదికి మనమంతా కలిసి క్వార్టర్స్‌లో వేపపువ్వు పూయించాం గుర్తుందా అని ఒకావిడ మొదలుపెట్టగానే తక్కినవాళ్ళు తలలూపారు, నేను ఊపలేదు. అంతా ఎక్కడ కలిశామమ్మా? పూయించింది అక్క ఒక్కతే. మీరు నవ్వారు, నేను వాదించాను. పైగా అది ఉగాదీ కాదు.

అక్క అంటే నా గదిలో ఉండే నర్సు, నరసాపురం వైపు క్రైస్తవుల ఆడపడుచు, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అదే ఆసుపత్రి ల్యాబులో కొత్తగా చేరిన బీయస్సీని, ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వని వయసు. ఎనభైల మొదట్లో అక్కడ పంచాంగం ఎక్కడిది? ఉగాది ఎప్పుడే అని అక్క అడిగితే, పోయినేడు మార్చి నెలాఖరున వచ్చింది కనుక ఈసారి పదకొండు రోజులు ముందుకు జరిగి మార్చి మధ్యలో వస్తుందని వేళ్ళమీద లెక్కకట్టి చెప్పాను. మా చుట్టూ రంజాన్ అలాగే జరిగేది మరి. మార్చి ఇరవైకి అక్క ఉద్యోగం ఖలాస్, శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతుంది. ఈలోగా నాతో ఒక్క ఉగాది పచ్చడైనా తినాలని ఆమె కోరిక. వేపపువ్వు లేనిది పచ్చడే కాదని నా పట్టు. క్వార్టర్స్ వెనకాల వేపచెట్టుకు అప్పటికి ఆవగింజంత మొగ్గలే.

చలి తగ్గుముఖం పట్టిన ఫిబ్రవరి చివర్లో ఆమె నాలుగు కొమ్మలు కోసుకొచ్చి, మొదళ్ళు పచ్చడిబండతో నలగ్గొట్టి, గోరువెచ్చని నీళ్ళ బకెట్లో నిలబెట్టి, తడి గాజుగుడ్డ కప్పి, వంటింట్లో స్టౌ పక్కన పెట్టింది. కోసిన కొమ్మకు మొగ్గ రాలుతుందే గాని విచ్చదని నేను శాస్త్రం చెప్పాను.

“నీ శాస్త్రం సీసాలో పోసుకోవే బీయస్సీ, ముందు ఆ నీళ్ళు మార్చు” అంది.

నేను ఒక్కనాడూ మార్చలేదు. డ్యూటీ దిగి యూనిఫాం విప్పకుండానే ఆమే మార్చేది. తన ఆఖరి సెలవురోజున అందరం సముద్రానికి పోతే, కొమ్మలు వాడిపోతాయని తాను గదిలోనే ఉండిపోయింది.

పూసింది. సరిగ్గా నేను చెప్పిన రోజుకు, గుప్పెడు తెల్లటి పువ్వు. పచ్చడి నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, “చేదే కదే మీ పండగ! ఇందుకా ఇన్నాళ్ళు నాచేత నీళ్ళు మోయించావు?” అంటూనే రెండోసారి వేయించుకుంది.

ఆమె వెళ్ళిన వారానికి నాన్న ఉత్తరం వచ్చింది. ఈ ఏడు అధికమాసం, ఉగాది ఏప్రిల్ మధ్యలో. రంజాన్ లెక్కలో లేని ఆ మాసం మనకుందని బీయస్సీకి తోచలేదు. అసలు ఉగాదినాటికి వెనకాల చెట్టు తనంతట తానే విరగబూసింది. పచ్చడి నేనొక్కదాన్నే తిన్నాను. ఆ సాయంత్రం, అక్క అలమర తలుపు లోపల ఆమె వదిలేసిపోయిన తెలుగు క్యాలెండరు కంటబడింది. ఏప్రిల్ పేజీలో ఈస్టరు చుట్టూ ఆమె చుట్టిన పెన్సిలు సున్నా. దానికి కాస్త కిందే, ఎర్ర అక్షరాలతో ఉగాది.

చాలా ఏళ్ళు క్రిస్మస్ కార్డులు రాసుకున్నాం. ఆ క్యాలెండరు సంగతి అడిగితే నా లెక్క తప్పని ఒప్పుకోవాలి, అందుకే అడగలేదు. తరవాత కార్డులు ఆగిపోయాయి. ఇప్పుడక్కడ కొట్లో ఎండు వేపపువ్వు పొట్లాలు దొరుకుతాయట, పండగ తేదీకి ఎవరూ వేళ్ళు మడవక్కర్లేదట. నాకు మాత్రం ఒక్క మాట తేలలేదు. అక్కా, ఆ ఎర్ర అక్షరాలు నువ్వు చూడలేదా, లేక చూసి కూడా, ఏప్రిల్ దాకా ఉండవు కనుక, నా తప్పు లెక్కకే ఆ కొమ్మను పూయించావా?