అత్తగారు నమిలే తీరు

ఆయన పళ్ళ సెట్లు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి తీసిన ముద్రలు పంపితే, వాటిలో ప్లాస్టరు పోసి అచ్చు తీసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ పేర్చి సెట్టుగా తయారుచేసే మనిషి. వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. ముప్పై ఏళ్ళుగా ఒకే గది, కిటికీ పక్కన ఒకే బల్ల. బల్ల మీద ఎవరెవరివో దవడలు నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చుని ఉంటాయి. వాటిలో ఒక్కటీ మాట్లాడదు గనక ఆ గదిలో ఆయన ప్రాణం హాయిగా ఉంటుంది.

మాట్లాడే దవడ ఇంట్లో ఉంది. అది అత్తగారిది.

పదకొండేళ్ళ క్రితం ఆవిడ కూతురి దగ్గర ఉండిపోవడానికి వచ్చింది. అప్పటికి నోట్లో మిగిలినవి నాలుగు పళ్ళు. ఆ నాలుగూ తీయించేశాక, సొంత అల్లుడే ఈ పనిలో ఉండగా ఇంకొకరి దగ్గరకు వెళ్ళడమేమిటని పళ్ళాయన తనే సెట్టు కట్టాడు. అది గుచ్చుకుంది. రెండోది జారింది. మూడోది మాట్లాడితే టకటకలాడింది. నాలుగోది పెట్టుకుంటే నాలుకకు చోటు లేదంది. ఇప్పుడు వాడుతున్నది ఐదోది. ఏదో ఒకటి చెప్పడానికి వారానికి ఒకసారైనా చిన్న గాజు గిన్నెలో సెట్టు వేసుకుని ఆయన గది గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

"బాబూ, మీ పనితనం మీద నాకేం అనుమానం లేదు. నా నోరే మంచిది కాదు."

పోట్లాడితే ఆయనా పోట్లాడేవాడు. ఆవిడ ఏనాడూ గొంతు పెంచలేదు. 'మీరు' అనడం మానలేదు. ఆ మర్యాదే ఆయన ప్రాణం తోడేసేది. చివరికి విసిగిపోయి, ఒక చిన్న ఆకురాయి, దాని చుట్టూ ఒక కార్బన్ కాగితం ముక్క ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కాగితం పెట్టి కొరికిస్తే పళ్ళ మీద ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ మచ్చ పడుతుంది. ఆ మచ్చ దగ్గర ఆకురాయితో రాస్తే సరి. ఇంటి నడవలో, బస్సు స్టాపులో, ఒకసారి పెళ్ళి ఫొటోకి నిలబడబోతూ కూడా రాశాడు.

ఆ ఏడాది పళ్ళాయన పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు నిండాయి. మందుల షాపులో పనిచేసే కూతురు, ఆదివారం మధ్యాహ్నం అందరం బయట తిందామంది.

"ఉత్తర ఆఫ్రికా వంటలు నాన్నా. మా షాపులోవాళ్ళతో ఒకసారి వెళ్ళాను."

"మనింట్లో ఎలాంటి నోరు ఉందో తెలిసే అంటున్నావా?"

"అమ్మమ్మ కోసమే ఎంచాను. అక్కడ మాంసం గంటలకొద్దీ మగ్గబెడతారు. వేలు తగిలితే విడిపోతుంది. పళ్ళతో పనే ఉండదు."

పళ్ళతో పనే లేని భోజనమన్న మాట పళ్ళాయనకు ఏమంత రుచించలేదు గాని, భార్య అప్పటికే చీర తీసి మంచం మీద పరిచింది. ఇక మాట్లాడి లాభం లేదు.

హోటలు ఒక గడియారాలు బాగుచేసే కొట్టు పైన ఉంది. ఇరుకు మెట్లెక్కి లోపలికి వెళ్ళేసరికి, కుర్చీలు లేవు. గుండ్రటి ఇత్తడి బల్లలు మోకాళ్ళ ఎత్తున ఉన్నాయి. వాటి చుట్టూ తోలు దిండ్లు. పళ్ళాయన మోకాళ్ళు రెండూ మొరాయించే రకం. ఒక చెయ్యి గోడకూ ఒక చెయ్యి కూతురి భుజానికీ ఆనించి, ఊపిరి బిగబట్టి కూలబడ్డాడు. అత్తగారు మాత్రం చంటిపిల్లలా మఠం వేసుకుని సరిగ్గా ఆయనకు ఎదురుగా కూర్చుంది.

హోటలాయన పొడుగాటి మనిషి. వంట ఆయన భార్యది, వడ్డన చెల్లెలిది. ఆ దేశాల నుంచి వచ్చి పదిహేనేళ్ళయిందట. చెంబూ పళ్ళెమూ తెచ్చి తనే అందరి చేతుల మీదా నీళ్ళు పోశాడు.

"మా దగ్గర అందరికీ ఒకటే పళ్ళెం సార్. కానీ ఒక మర్యాద ఉంది. ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి. ఎదుటివాళ్ళ వైపు చెయ్యి చాపకూడదు."

"మంచి పద్ధతి" అంది అత్తగారు.

మొదట గుండ్రటి రొట్టెలు, ఆలివ్ కాయలు వచ్చాయి. పళ్ళాయన ఒక రొట్టె ముక్క తుంచాడో లేదో అత్తగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. రుమాలు చాటున ఏదో జరిగింది. తర్వాత ఆ రుమాలు మూటగా బల్ల కిందనుంచి ఆయన చేతిలోకి వచ్చింది.

"బాబూ, ఏమీ అనుకోకండి. కుడి పక్క కాస్త నొక్కుతోంది."

ఆయన భార్య వైపు చూశాడు. భార్య గోడకు తగిలించిన తివాచీ వైపు చూసింది.

చేతులు కడుక్కునే గది వంటింటి పక్క నడవ చివర ఉంది. పళ్ళాయన అద్దం ముందు నిలబడి, సెట్టు కడిగి, వెలుతురుకు పట్టి, ఆకురాయి తీసి గరగరా రాస్తున్నాడు. ఇంతలో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. అద్దంలో ఒకడు చేతిలో పళ్ళు పట్టుకుని వాటిని అరగదీస్తుండటం చూశాడు. చేతులు కడుక్కోకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి కుస్కుస్ పళ్ళెం బల్ల మీదకు ఎక్కింది. గోధుమ రవ్వను చిన్న చిన్న పూసలుగా చేసి, ఆవిరి మీద ఉడికించి గుట్టగా పోస్తారు. గుట్ట మీద కారెట్లు, గుమ్మడి ముక్కలు, సెనగలు, వాటి పైన మాంసం. పళ్ళాయనకు ఆకలి అప్పుడు తెలిసింది. కిందామీదా పడి కూర్చుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నిజంగానే బాగుంది. రెండో చెంచా ఎత్తేలోగా రుమాలు మూట వచ్చింది.

"పూసలు సెట్టు కిందికి దూరాయి బాబూ."

ఇది చేసినవాడి తప్పు కాదు, కుస్కుస్ స్వభావం. అయినా లేచాడు. కడిగాడు. ఎలాగూ వచ్చాం గదా అని కాస్త రాశాడు. తెచ్చి ఇచ్చాడు. కూర్చున్నాడు. అయిదు నిమిషాలు గడిచాయి.

"ఇప్పుడు వదులుగా అనిపిస్తోంది. నా భ్రమేనేమో."

మూడోసారి లేచి వచ్చేటప్పటికి పళ్ళెం మూడు వైపులా తరిగిపోయింది. ఆయన వైపు మాత్రం కొండచరియలా నిలబడి ఉంది. మర్యాదగా ఎవరూ ముట్టుకోలేదు. మర్యాదగా అది చల్లారిపోయింది. వేడి మాంసం, ఎండు రేగుపళ్ళలాంటి తియ్యటి పళ్ళతో, కొత్తగా ఇంకో మట్టిపాత్రలో వచ్చింది. దాని మీద గరాటు బోర్లించినట్టు పొడుగాటి మూత. మూత ఎత్తగానే ఘుమఘుమలాడింది. ఆ ఘుమఘుమలోనే నాలుగోసారి మూట చేతికి వచ్చింది.

నడవలో హోటలాయన అడ్డం నిలబడ్డాడు. ఆయన మొహంలో నిజమైన దిగులుంది.

"వంట పడలేదా సార్? నాలుగుసార్లు లేచారు. కడుపులో ఏమైనా బాధగా ఉంటే మా ఆవిడ సోంపు కాచి ఇస్తుంది."

"కడుపు కాదండీ" అన్నాడు పళ్ళాయన. "అత్తగారు."

హోటలాయన ఇంకేమీ అడగలేదు. తనకూ ఒక అత్తగారు ఉన్నట్టుంది. తల ఊపి దారి ఇచ్చాడు.

తీరా గదిలోకి వెళ్ళాక జేబులో కార్బన్ కాగితం లేదు. ఇందాక రుమాలుతో పాటు దిండు దగ్గర పడిపోయి ఉంటుంది. పళ్ళు పిడికిట్లో పట్టుకుని, ఈ ఐదో సెట్టును ఇవాళ కిటికీలోంచి విసిరేసి నా బతుకు నేను బతుకుతానని గొణుక్కుంటూ వెనక్కి వచ్చాడు. నడవకూ భోజనాల గదికీ మధ్య ఒక తెర ఉంది. దాన్ని పక్కకు జరపబోయి ఆగిపోయాడు.

ఎదురుగా అత్తగారు తింటోంది.

నోట్లో ఒక్క పన్ను లేదు. మాంసం ముక్కను రొట్టెలో చుట్టి నోట్లో పెట్టుకుంది. కింది దవడ ఎడం వైపుకు జరిగింది. అక్కడ అర్ధచంద్రంలా ఒక తిప్పు తిరిగి, మళ్ళీ ఎడం వైపుకే పోయింది. తొందర లేదు. కళ్ళు సగం మూసుకుని, మధ్యలో మనవరాలితో ఏదో చెప్పి నవ్వుతూ, ఇంకో ముక్క తుంచుకుంది. ఆవిడ ముందున్న భాగం పళ్ళెం కడిగినట్టు మెరుస్తోంది.

పళ్ళాయన అలాగే నిలబడ్డాడు. ఈ నోటిని ఆయన ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. దీపం వేసి, అద్దం పెట్టి, మైనం కొరికించి చూశాడు. ఈ దవడ అచ్చులు అయిదు ఆయన అలమరలో ఉన్నాయి. కానీ ఆవిడ తినడం మాత్రం పదకొండేళ్ళలో ఇదే చూడటం. ఇంట్లో ఆవిడ పళ్ళెం తన గదిలోకి తీసుకెళ్ళిపోతుంది. రేడియో వింటూ తినడం అలవాటంటుంది. సరే, ఆవిడ ఇష్టమనుకున్నారు.

"కాస్త దారి ఇస్తారా" అని వెనక నుంచి హోటలాయన చెల్లెలు అంది. చేతిలో గ్లాసుల పళ్ళెం. ఆయన పక్కకు జరిగాడు. తెర కదిలింది. అత్తగారు చూసింది. చప్పున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు మింగేసింది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. పిడికిట్లో ఉన్న సెట్టును బల్ల మీద, ఆలివ్ గింజల పక్కన పెట్టాడు.

"ముందు అది దాచండి" అంది భార్య, పళ్ళు బిగించి.

ఆయన దాచలేదు. "అత్తయ్యా, మీరు ఎప్పుడూ ఎడం పక్కనే నములుతారా?"

"చిన్నప్పటి నుంచీ అంతే బాబూ. కుడి పక్క కింది పన్ను పదో ఏటే పోయింది. అప్పటి నుంచి దవడ ఎడం పక్కకే పోతుంది."

"మరి నేను మైనం పెట్టి కొరకమన్నప్పుడల్లా తిన్నగా కొరికారు కదా."

"మీరు తిన్నగా కొరకమన్నారు కదా. అల్లుడి ముందు వంకరగా ఎలా కొరుకుతాను?"

"అయిదుసార్లూనా?"

"అయిదుసార్లూ తిన్నగానే కొరికాను" అంది ఆవిడ, కొంచెం గర్వంగానే.

కూతురు రొట్టె బుట్టలోకి తల దూర్చినంత పని చేసింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి. భార్యకు కూడా నవ్వు ఆగడం లేదు. పళ్ళాయనకు నవ్వు రాలేదు. ఆవిడ నోరు ఎడమకు పోతుంటే తను అయిదు సెట్లు తిన్నగా చేసి, వాటిని గుచ్చుకోకుండా చేయడానికి పదకొండేళ్ళు అరగదీశాడు. ఒక్క ముక్క చెప్పి ఉంటే అయిపోయేది. ఒక్క ముక్క అడిగి ఉన్నా అయిపోయేది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

"మరి గదిలో ఒక్కరే తినేది?"

ఆవిడ రుమాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"పెట్టుకుని తినలేను. మీరు కష్టపడి చేసిన పళ్ళు తీసి పక్కన పెట్టి, మీ ఎదురుగానే తింటే మీ మనసు ఎలా ఉంటుంది బాబూ? ఇవాళ మీరు అటు వెళ్ళారు గదా అని."

పళ్ళాయన చల్లారిన కుస్కుస్ ముందుకు లాక్కున్నాడు. పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి ముద్ద ఉంటే, టమాటా పచ్చడేమోననుకుని నిండుగా చెంచాడు కలుపుకున్నాడు. అది వాళ్ళ మిరపకాయల నూరుడు. రెండో ముద్దకే కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"నాన్నా, ఏడుస్తున్నారా?" అంది కూతురు, నవ్వు ఆపి.

"కారం" అన్నాడాయన. అది నిజమే, చాలావరకు.

హోటలాయన టీ తెచ్చి, కూజాను భుజం ఎత్తున పట్టుకుని చిన్న గాజు గ్లాసుల్లోకి సన్నటి ధారగా పోశాడు. ఒక్క చుక్క బయట పడలేదు. పుదీనా వాసన వేసింది. అత్తగారికి నమలక్కర్లేనిది దొరికింది గనక రెండు గ్లాసులు తాగింది.

సోమవారం పొద్దున్నే పళ్ళాయన అత్తగారిని తన గదిలో కూర్చోబెట్టాడు. మైనం తీయలేదు, దీపం వేయలేదు. నానబెట్టిన రొట్టె గిన్నె ఒకటి చేతికిచ్చి తినమన్నాడు. ఆవిడ తినదు. ఆయన చూస్తుంటే గొంతు దిగదంటుంది. "చూస్తేనే గదా తెలిసేది" అని ఆయన గొంతు లేచింది. "మీరు చూడండి, నేను తినను" అని ఆవిడ అంతే నెమ్మదిగా అంది. అరగంట అలాగే కూర్చున్నారు. ఆఖరికి ఆయన వీపు తిప్పి, కిటికీ దగ్గర ఏదో అచ్చు గీకుతున్నట్టు నటిస్తూ, కిటికీ అద్దంలో ఆవిడ నీడ చూసుకున్నాడు. దవడ ఎంత జరుగుతోందో, ఎక్కడ ఆగుతోందో అక్కడే కాగితం మీద గీసుకున్నాడు.

ఆరో సెట్టు వంకరగా వచ్చింది. బల్ల మీద పెట్టి చూస్తే ఏ డాక్టరైనా వెనక్కి పంపేస్తాడు. అత్తగారు పెట్టుకుంది. మొదటి రోజు ఏమీ అనలేదు. రెండో రోజూ అనలేదు. మూడో రోజు సాయంత్రం పళ్ళాయన ఉండబట్టలేక ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది బాబూ."

పదకొండేళ్ళకు రెండు మాటలు. ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. మర్నాడు ఆవిడ పళ్ళెం తెచ్చుకుని అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుంది. కూర ముక్క ఒకటి నమిలి చూసి, ఇది ఇంకాస్త ఉడకాలని తన కూతురితో అంది. ఆ మర్నాడు ఉప్పు తగ్గిందంది. వారం తిరిగేసరికి పళ్ళాయన భార్య, మా అమ్మకు ఆ పాత సెట్టే నయం, తిరిగి పెట్టేయండని అడగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆయన తనకు పని ఇచ్చే డాక్టర్లందరికీ ఒక మాట చెప్పాడు. ముద్ర ఒక్కటే పంపితే చాలదు, మనిషిని కూడా ఒకసారి తన గదికి పంపమన్నాడు. ఒక డాక్టరు, అది మీ పని కాదని ఆయనకు ముద్రలు పంపడమే మానేశాడు. మిగిలినవాళ్ళు గొణుగుతూనే పంపుతున్నారు. వచ్చినవాళ్ళకు పళ్ళాయన ఏదో ఒకటి తినడానికి పెడతాడు. ఎవరూ ఆయన ముందు తినరు. ఆయన పని ఉన్నట్టు లేచి, వీపు తిప్పి, కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడతాడు. కాసేపటికి వెనక చెంచా చప్పుడు మొదలవుతుంది.