గీత లేని పనసకాయ

ఆ కిటుకు కనిపెట్టింది నేనే. నేనూ నా స్నేహితుడూ బలిఘట్టం వైపు జీడితోటల్లో దొంగతనంగా జీడిపిక్కలు ఏరే రోజులవి. పనసకాయ పక్కన చిన్న ముక్క కోసి, తొనలు లాగేసి, పిక్కలు కూరి, ముక్కను మళ్లీ పనస జిగురుతో అతికించేవాళ్లం. కావలి తాత మా సంచులు తడిమేవాడు గానీ పనసకాయ జోలికి వచ్చేవాడు కాదు. దగ్గరగా చూస్తే మాత్రం అతుకు చుట్టూ నల్లటి గీత కనిపించేది. ఆ సంగతి నాకూ వాడికీ తప్ప ఇంకెవరికీ తెలీదు.

పెద్దయ్యాక వాడు ఆటో కొన్నాడు, నేను కానిస్టేబులునయ్యాను. అయినా నర్సీపట్నంలో ఇద్దరిదీ ఒకటే టీ బండి. కొయ్యూరు రోడ్డులో తనిఖీ డ్యూటీ పడిందని నేను చెప్పింది కూడా అక్కడే.

మర్నాడే వాడి ఆటో వచ్చింది, నిండా పనసకాయలతో. నన్ను చూడగానే వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. కాయలవైపు చూశాను. పైనున్న వాటికి నల్ల గీతలు! కొండమీంచి గంజాయి దించుతున్నాడు. ఓరి నీ దుంపతెగా, ఇదేం పనిరా అని లోపలే తిట్టుకున్నాను. పక్కనున్న ఎస్సై గారితో నోరు మాత్రం ఇంకోటి పలికింది.

"మనోడేనండి. సిన్నప్పట్నుంచీ ఎరుగుదును. పంపించేద్దామండి."

ఎస్సై గారు తలూపారు. "సరే. ఎండకి నోరెండిపోతోంది, ఒక కాయ కొనవయ్యా, కోసుకుందాం."

హమ్మయ్య అనుకుని, గీతలున్నవి పక్కకు నెట్టి, ఏ గీతా లేని కాయ ఒకటి తీశాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అదొద్దురా, పచ్చిది. ఈటిల్లోది తీసుకో" అంటూ గీతలున్నవే చూపించాడు. తన గొయ్యి తానే తవ్వుకుంటున్నాడని నాకు ఒళ్లు మండింది.

"నువ్వూరుకోరా, నాకు తెల్దేటి!" అని విదిలించి, కత్తి నేనే వేశాను.

లోపల పాలిథిన్ పొట్లం.

గీతలున్న కాయల్లో ఉత్త తొనలే ఉన్నాయి. నేను ముందు వాటినే వెతుకుతానని, ఏమీ దొరక్క వదిలేస్తానని, కావాలనే జిగురు పూశాడట. సరుకంతా మిగతా కాయల్లో, తొడిమ ఊడదీసి అటునుంచి దూర్చాడు. నేను పట్టిస్తానని వాడు నమ్మాడు. నేనేమో కాపాడబోయాను. నా డ్యూటీ నేను సక్రమంగా చేసి ఉంటే వాడు ఆ పూట ఇంట్లో అన్నం తినేవాడు.

"మాటల్లో పెట్టి భలే పట్టేశావయ్యా!" అన్నారు ఎస్సై గారు. స్టేషన్లో అందరూ భుజం తట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కోర్టు వరండాలో వాడే నన్ను పలకరించాడు. "కోపం నేదురా. నీ డ్యూటీ నువ్వు సేసేవు. మా పిల్లకీ అదే సెప్పాను, మీ మావ తప్పుడు పని సెయ్యడని."

నిన్ను వదిలేద్దామనే ఆ కాయ తీశాన్రా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్కనే ఎస్కార్టు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు వింటే నా ఉద్యోగం పోతుంది. తెచ్చిన ఇడ్లీ పొట్లం వాడి చేతిలో పెట్టాను.

"బేగి తిను, సల్లారిపోతాది" అన్నాను.