నాలుగు వేళ్ళ నొసలు

మా అవ్వది ఒక పాడు నమ్మకం. బిడ్డ నొసటి మీద నాలుగు వేళ్ళు అడ్డంగా పడితే తెలివి ఉన్నట్టు, రెండే పడితే లేనట్టు. బడిలో వేసే రోజు మమ్మల్ని కూర్చోబెట్టి కొలిచింది. నాకు నాలుగు పట్టాయి. నాకంటే ఏడాది చిన్నదైన చెల్లికి రెండే. పైగా దానికి మెల్లకన్ను, ముక్కు మూసుకుపోయి నోరెప్పుడూ తెరిచే ఉండేది. మొహం చూసి బొట్టు పెట్టే జనం దాన్ని మొద్దు అనేవాళ్ళు. నేనూ అన్నాను.

ఇద్దరిదీ ఒకే తరగతి. లెక్కలన్నీ అది చేసేది, నేను చూసి రాసుకునేదాన్ని. ఎనిమిదో తరగతి అయ్యాక, కడత్తూరు హైస్కూలుకు ఒకరినే పంపగలనన్నాడు నాయన. రెండోవాళ్ళు అమ్మతోపాటు షెడ్డులో చింతకాయలు కొట్టి గింజ తీసే పనికి పోవాలి. బడి అయ్యవారు నాయనను పిలిచి, ఇద్దరిలో ఒకరు లెక్కలు చూసి రాస్తున్నారని, ఎవరో ఇంట్లో తేల్చుకుని సొంతంగా చేసేవాళ్ళను చదివించమని చెప్పారు.

నాయన వచ్చి మమ్మల్ని ఎదురుగా నిలబెట్టాడు.

"లెక్కలు చేసేది ఎవురు?"

అవ్వ నవ్వింది. "అది అడగాల్నా? మొగాలు చూస్తే తెలీదా?"

అమ్మ వేళ్ళు ఎలా పుండ్లు పడ్డాయో నాకు తెలుసు. భయమేసింది. "నేనే నాయనా" అన్నాను. నాయన చెల్లి వైపు తిరిగాడు. అది నిజం చెబితే నా గతి షెడ్డే.

"అక్కే చేసింది నాయనా" అంది.

పదిలో నేను లెక్కల్లో రెండుసార్లు తప్పాను. అప్పుడు కూడా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు, పరీక్ష కష్టంగా ఇచ్చారన్నారు. ఇప్పుడు ధర్మపురిలో ఒక బట్టల కొట్టులో చీరలు మడతపెడుతున్నాను. చెల్లి ఇరవై ఏళ్ళుగా షెడ్డులోనే ఉంది. దాని బతుకు నేను తినేశాను. ఎవరికి చెప్పుకున్నా ఆ ఏళ్ళు తిరిగి రావు.

పోయిన నెల తట్టుకోలేక షెడ్డుకు పోయి దాని పక్కన కూలబడి ఏడ్చాను. నన్ను తిట్టమని బతిమాలాను. ఆ రోజు ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను.

అది చింతకాయలు కొడుతూనే ఉంది.

"అబద్ధం కాదక్కా. ఈ మొగానికి లెక్కలు ఎట్లొస్తాయి? నువ్వు పక్కన కూచుంటావు కాబట్టి వస్తా ఉండాయి అనుకున్యా. నువ్వు పోయినంక మళ్ళా ఎప్పుడూ చేసి చూడలా."