కోడిగుడ్డు గడియారం

1996. ఫిల్మ్ నగర్‌లో సినిమా పోస్టర్లు డిజైన్ చేసే ఆఫీసులో స్కానర్ నా చేతిలో ఉండేది. స్కానర్ ఫోటోను చుక్కలుగా విడగొడుతుంది. ఆ చుక్కల బొమ్మను రాస్టర్ అంటాం, ఎటు కావాలంటే అటు సాగదీయొచ్చు. కాకపోతే సాగదీయమంటే అప్పటి కంప్యూటర్ ఎంతసేపు ఆలోచించేదో! కిందికెళ్లి టీ తాగి, స్టూడియో వ్యాన్ల డ్రైవర్లతో కబుర్లాడి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. ఆ తీరిక తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఒక మధ్యాహ్నం మోతీనగర్ నుంచి నర్సమ్మ అనే ఆవిడ ఫ్రేము కట్టిన ఫోటో తెచ్చింది. చనిపోయిన భర్తదట. జూనియర్ ఆర్టిస్టు. కానిస్టేబుల్ వేషం, బక్కచిక్కిన మొహం. ఇంట్లో ఆయన ఫోటో అదొక్కటే.

"జర చెంపలు నింపుతరా సార్? మా అత్త దీనికి దండం పెడ్తలేదు. నా కొడుకు గిట్ల లేడు, ఎవన్నో తెచ్చి పెట్టినవ్ అని నాతోని మాట్లాడుడే బంద్ చేసింది. ఆమెకు మతి తప్పిందంటున్రు అందరు."

"చెంపలు నింపడానికి నేనేమన్నా మేకప్‌మ్యాన్‌నా అమ్మా?" అని విసుక్కున్నాను. అంతలో ఫోటోలో అతని పక్కనున్న గోడ గడియారం కంటబడింది. అచ్చం కోడిగుడ్డులా నిలువుగా సాగి ఉంది. అలాంటి గడియారం ఎవడైనా చేస్తాడా?

"ఈ ఫోటో ఎక్కడిది?"

"ఎడిటింగ్ రూముల పనిచేసేటాయన ఫిల్ము ముక్క ఇచ్చిండు. ఫోటో స్టూడియోల ఇచ్చి పెద్దగ చేపిచ్చిన." పసుపు డబ్బీలోంచి ఆ ముక్క తీసిచ్చింది.

ఓరి నాయనో! అది స్కోప్ సినిమా. తీసేటప్పుడు లెన్సు వెడల్పును సగానికి నొక్కి ఫిల్ములో ఇరికిస్తుంది, హాల్లో ప్రొజెక్టర్ లెన్సు మళ్లీ సాగదీస్తుంది. ఆ స్టూడియోవాడు నొక్కింది నొక్కినట్టే ప్రింటు వేసి చేతిలో పెట్టాడు.

ఫిల్ము ముక్కను స్కాన్ చేసి, ఎత్తు కదలకుండా వెడల్పు రెట్టింపు చేశాను. తెర మీద పైనుంచి కొంచెం కొంచెంగా బొమ్మ దిగుతోంది. ముందు టోపీ, తర్వాత గుండ్రటి గడియారం, ఆ తర్వాత నిండు బుగ్గలు. నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ప్రింటుకు పెట్టాను.

మర్నాడు అత్తను ఆటోలో తీసుకొచ్చింది. ముసలావిడ ప్రింటును కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసింది. చూసి, ఆ బుగ్గ మీద ఒక్కటేసింది.

"ఇన్నొద్దులు యాడికి పోయినవ్ రా?"

తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది. "నడువ్ బిడ్డా, ఇంటికి పోదాం. వానికి దీపం పెట్టాలె."

ఎవరైనా బొమ్మ బాగాలేదంటే, ఇప్పటికీ ముందు అందులో గుండ్రంగా ఉండాల్సిన వస్తువు ఏదన్నా ఉందేమో వెతుకుతాను. చూసినవాళ్ల మతిని అనుమానించడం మాత్రం ఆ రోజుతోనే మానేశాను.