ఆరున్నొకటో చేప

ప్రతి ఆదివారం పొద్దున చేపల తొట్టిలో మూడో వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోసేటప్పుడు, అడుగున ఉన్న సన్నటి ఇసుక కాస్త కదిలి ఒక వాసన లేస్తుంది. అది బురద వాసనా కాదు, నీచు వాసనా కాదు. ఎండిన ఏట్లో చెలమ తవ్వితే అడుగు నుంచి వచ్చే చల్లటి వాసన, అందులో ఎక్కడో పలచగా గంజి వాసన. సత్తువాచారిలో మేముండే మూడో అంతస్తు ఇంటి దగ్గర ఏరూ లేదు, గంజీ లేదు. తొట్టి పొడవు ముప్పై ఆరు అంగుళాలు, వెడల్పు పద్దెనిమిది, నీళ్ళ ఎత్తు పన్నెండు, అంటే ఉజ్జాయింపుగా నూట ఇరవై ఏడు లీటర్లు, అందులో తీసేది నలభై రెండు. ఇంతవరకు అన్నిటికీ లెక్క ఉంది. ఆ వాసనకు మాత్రం లెక్క దొరకదు. అది వచ్చినప్పుడల్లా గొట్టం పట్టుకున్న చెయ్యి ఆగిపోతుంది, నోరు దానంతటది చేపలను ఎంచడం మొదలుపెడుతుంది.

నా తొట్టిలో ఉన్నవి ఆరు కోరిడోరస్ చేపలు. రెండంగుళాలు మించని చిన్న జెల్ల జాతి. మూతి కింద మీసాలు, ఒంటికి పొలుసుల బదులు రెండు వరసల గట్టి పలకలు. ఇసుకలో మూతి దూర్చి తిండి వెతుక్కుంటూ, ఉన్నట్టుండి బాణంలా పైకి పోయి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ అడుగుకు దిగిపోతాయి. కనుగుడ్డును ఒక్కసారి కిందికి తిప్పితే మనకేసి కన్ను కొట్టినట్టే ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు ఉలిక్కిపడతారు. నాకు తొమ్మిదేళ్ళ వయసు నుంచీ అలవాటు.

మాది తమిళ సీమలోని గుడియాత్తం. ఏటికి రెండు వీధుల ఇవతల, వరసగా నేతగాళ్ళ ఇళ్ళు. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగులు చాచి గంజి పెట్టేవాళ్ళు. ఎండ ఎక్కేసరికి ఆ గంజి ఆరిన వాసన, రంగుల బానల నుంచి వచ్చే ఘాటు, ఎవరింట్లోనో సంగటి కెలుకుతున్న వాసన కలిసి గాలే బరువెక్కినట్టుండేది. మధ్యాహ్నమంతా మగ్గాల చప్పుడు. మేం ఆడపిల్లలం అరుగుల మీద గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. లుంగీ గళ్ళకు ఏ రంగు పోగులు ఎన్ని రావాలో మా నాన్న నోటితో చెబుతుంటే నేను పక్కన కూర్చుని వేళ్ళ మీద కూడేదాన్ని. ఇప్పటికీ నా బతుకు ఆ గళ్ళ లెక్కల మీదే నడుస్తోంది. బడిలో నేర్చుకున్న లెక్క తక్కువ, మగ్గం పక్కన నేర్చుకున్నది ఎక్కువ.

ఎంచడం నేర్పింది మా అవ్వ, నాన్న తల్లి. ఆమె ఒకటి అనేది కాదు, ‘లాభం’ అనేది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడు అన్న మాట మాత్రం నోటి నుంచి వచ్చేది కాదు. ఆ మాటలో ఏడుపు ఉంది కాబట్టి ‘ఆరున్నొకటి’ అనేది. ఇంట్లో అందరిదీ అదే లెక్క. మా బడి తమిళ బడి. తమిళంలో ఏళు అంటే ఏడుపు లేదు కదా, అందుకని బడిలో ధైర్యంగా ఏళు అని, గడప దాటి ఇంట్లోకి రాగానే ఆరున్నొకటి అనేదాన్ని.

అవ్వకు ఏడుగురు బిడ్డలు. ఏడో బిడ్డ అలివేలు నాలుగేళ్ళప్పుడు ఏటి వరదలో పోయిందని మాకందరికీ తెలుసు. ఎట్లా పోయిందో మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. జనాభా లెక్కలకు వచ్చినాయన ఎంతమంది బిడ్డలని అడిగితే, అవ్వ వక్క నమలడం ఆపకుండానే ఆరున్నొకటి అన్నది. ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. వాన పడితే వీధిలో అందరూ తలుపులు వేసుకుంటే, ఆమె మా తలుపు బార్లా తీయించేది. జల్లు లోపలికి కొట్టి మగ్గం గుంట తడుస్తున్నా గడియ పెట్టనిచ్చేది కాదు. నాకు ఊహ తెలిసేసరికే ఆమె రెండు కళ్ళూ పూర్తిగా మసకేశాయి.

చేపలు తెచ్చింది చిన్నాయన. నాన్న తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు, మగ్గం దిగితే చేపల గొడవ తప్ప వేరే ధ్యాస లేదు. మద్రాసులో ఆరు కోరీలు కొని, మూతా పిడీ ఉన్న తూకుబక్కెట్లో పెట్టుకుని, అరక్కోణంలో బండి ఆగినప్పుడు కొళాయి కింద సగం నీళ్ళు మార్చి, సాయంత్రానికి ఇల్లు చేరాడు. తొట్టిలోకి ఒంపాక నేను ఎంచాను. మళ్ళీ ఎంచాను. ఆరున్నొకటి.

“ఆరే కొంటినమ్మా. అరక్కోణంలో గూడా ఆరే ఉండె, నేనే ఎంచుకుంటి” అన్నాడు చిన్నాయన.

“టికెట్టు లేకుండా బండెక్కింటాదిలే రా” అన్నాడు నాన్న. అందరం నవ్వాం. అంగడివాడు కొసరుగా వేసి ఉంటాడని అమ్మ తేల్చేసింది. అవ్వ నవ్వలేదు. చాప మీది నుంచి లేచి, గోడ తడుముకుంటూ వచ్చి తొట్టి గాజు మీద అరచెయ్యి ఆనించింది. ఆ కొత్తగా వచ్చింది యాడ ఉండాదని అడిగింది. “గాజుకు మూతి ఆనించుకుని నీ చేతికాడే ఉండాదవ్వా” అని చెప్పాను. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. మర్నాటి నుంచి ఆమె మంచం తొట్టి పక్కకు వచ్చింది. రోజూ పొద్దున నేను పళ్ళు తోముకుని రాగానే చేపలను గట్టిగా ఎంచి చెప్పాలి, ఆరున్నొకటి అన్నాకే ఆమె కాఫీ తాగేది.

వారం తిరక్కుండానే ఆ చేపలో తేడా నాకు కనిపించింది. అన్నిటికీ ఒకే వేషం. తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు, వీపు రెక్క మీద నల్ల మచ్చ. ఆ ఆరింటికి మూతి గుండ్రంగా ఉంటే, దీనికి మాత్రం మూతి కొంచెం ముందుకు సాగి ఉంది. ఆరూ ఒక పక్కకు తిరిగి పడుకుంటే ఇది వాటికి ఎదురుగా, అవ్వ మంచం వైపు తిరిగి ఉండేది. చిన్నాయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. మా వీధిలో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళ అక్షరాలు కాబట్టి, అందులో తెలుగు మాటలన్నీ తమిళ అక్షరాల్లో ఉండేవి. చేపల సంఖ్య దగ్గర మాత్రం అంకె వేసి, 6+1 అని రాశాడు.

అది ఒంటిగా ఉండకూడదని, దానికి తోడు తెమ్మని అవ్వ పట్టుబట్టింది. తొట్టి ముందు కూర్చుని దాని బొమ్మ గీసుకుని చిన్నాయన రెండుసార్లు మద్రాసు వెళ్ళాడు. ఏ అంగడివాడైనా చుక్కలు చూసి ఆ ఆరింటి పేరే చెప్పేవాడు, మూతి ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఒకే వేషం వేసుకుని ఒకే గుంపులో తిరిగే వేరు వేరు కోరి జాతులు ఉన్నాయని, మూతి పొడవే వాటికి గుర్తని నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజుల్లో చిన్నాయన ఉత్త చేతులతో తిరిగివచ్చి, దాని పేరు తెలిస్తే గదా అడిగేది అని గొణుక్కునేవాడు. అవ్వ మటుకు, పేరు లేకేమి, ఉండాది అనేది.

దీపావళి దగ్గరపడి ఐప్పశి నెల వానలు పట్టుకున్నప్పుడు ఆ ఆరింటిలో ఆడది గుడ్లు పెట్టింది. బయట ముసురు, తొట్టిలోకి చిన్నాయన కడవలోని చల్లటి నీళ్ళు పోశాడు. కాసేపటికి మగవి ఆడదాని వెంటపడ్డాయి. ఆడది పొట్ట కింది రెండు రెక్కలనూ దోసిలిలా ముడిచి, దోసిట్లో నాలుగు గుడ్లు పట్టుకుని, మూతితో గాజు శుభ్రం చేసి అక్కడ అంటించింది. పద్నాలుగు సార్లు, యాభై ఆరు గుడ్లు. బాదమాకు వేసిన వేరే గిన్నెలోకి వాటిని మార్చాం. తెల్లగా బూజు పట్టినవి పోగా ముప్పై ఒకటి పిల్లలయ్యాయి, ఎదిగాక వాటిని చిన్నాయన చేపలు పెంచేవాళ్ళకు పంచేశాడు. ఆ హడావిడి అంతటిలోనూ ఏడోది కదల్లేదు. తీసి ఉన్న వీధి తలుపులోంచి జల్లు కొడుతుంటే, అవ్వ గాజు మీద చెయ్యి ఆనించి ఉంటే, దాని మూతి సరిగ్గా ఆ చేతి దగ్గర ఉంది. చిన్నాయన దాన్ని వలతో పక్కకు జరపబోతే కీచుమని చిన్న శబ్దం చేసింది. ఈ చేపలు రొమ్ము రెక్కల ముళ్ళు రాపాడించి అలా అరుస్తాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మా అమ్మ చేతిలో ఉన్న చాట కింద పడేసింది.

మరుసటి ఎండాకాలం, వైగాసి నెలలో గంగమ్మ సిరసు ఊరేగింపు రోజున మగ్గాలన్నీ ఆగాయి. ఇల్లిల్లూ అంబలి లాంటి కూళు కాచి, మునగాకు వేపుడు చేసి, పసుపు నీళ్ళు చల్లి సిద్ధంగా ఉంది. అమ్మవారి తల పూలలో ఊగుతూ వీధి మలుపు తిరిగే వేళకు అందరం బయట ఉన్నాం. ఆ హడావిడిలో పొద్దున చేపలను ఎంచలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. లోపలికి పరిగెత్తాను. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకు ఇల్లంతా ఆకుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించింది. అవ్వ ఒక్కతే మంచం మీద కూర్చుని నాకోసం కాచుకుని ఉంది.

“ఎన్ని ఉండాయి అమ్మణ్ణీ?”

లాభం నుంచి ఆరు దాకా ఎంచాను. మూలలు చూశాను, రాయి వెనక చూశాను. తొట్టి మీది గాజు పలకా, దాని మీద బరువుకు పెట్టిన ఇటుకా పెట్టినచోటే ఉన్నాయి. మళ్ళీ ఎంచాను. “ఆరు... ఒకటి...” అన్నాను. లేదు అనడానికి నోరు రాలేదు.

అవ్వ చెయ్యి పైకి లేచింది. “ఆడికే ఆపు” అన్నది. డప్పులు దూరమయ్యాయి. తర్వాత, “ఆ పొద్దు నేనూ అట్లే అంటి” అన్నది.

వరద వచ్చిన మధ్యాహ్నం ఆమె బిడ్డలను పక్కింటి మిద్దె మెట్లు ఎక్కించిందట. మెట్ల కింది తలుపు దగ్గర తాత నిలబడి, భుజం మీద పడుగు, కాళ్ళ దగ్గర నీళ్ళు, అందరూ వచ్చినారా అని కేక వేశాడట. మెట్ల మీది చీకట్లో ఆమె తలలు తడిమి ఎంచింది. ఆరు దగ్గర ఆగింది. ఆరు, ఒకటి లేదు అని చెప్పబోయింది, ఉరుము ఉరిమింది.

“మీ తాతకు ఆరున్నొకటి అని ఇనిపించె. తలుపేసి గడియ పెట్టేసినాడు. ఆయప్ప తప్పేముండాది, ఇంట్లో లెక్క అట్ల గదా చెప్పుకుంటా ఉంటిమి” అన్నది అవ్వ. “లేదనే మాట నా నోట్లోనే నిలిచిపాయ. వానలో తలుపు మీద ఒక చప్పుడాయ. చిన్నది. ఒక్కసారే. పుల్లేదో కొట్టుకున్న్యాదనుకుంటి” అన్నది.

నేను మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా తల తడిమి, చెంప తడిమి, తేలికైన గొంతుతో చెప్పింది. “ఆ పొద్దు అది లెక్కలో ఉండె, ఇంట్లో లేకపాయ. ఇంగ ఇంట్లో లేకపోయినా లెక్కలో అన్నా ఉండనీ. నువ్వు రోజూ ఆరున్నొకటనే చెప్పు.”

మర్నాడు చిన్నాయన తొట్టి మొత్తం ఖాళీ చేసి ఇసుక జల్లెడ పట్టాడు. మిగతావి తినేసి ఉన్నా ఒంటి పలకలు మిగలాలి. మగ్గం గుంటలో వెతికాడు, మంచం కింద వెతికాడు. ఏమీ దొరకలేదు. అతను పుస్తకంలో 6+1 ని కొట్టేయలేదు.

రెండేళ్ళ నాలుగు నెలలు, సుమారు ఎనిమిది వందల యాభై పొద్దులు, నేను ఆరు చూసి ఆరున్నొకటి అని చెప్పాను. ఒక్కరోజు మాత్రం జ్వరంలో ఉండి, ఆరు అని ఆపేశాను. అవ్వ కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుచూసింది. ఆరు చేపలూ అడుగున కదలకుండా ఉన్నాయి, నేను వాటినే చూస్తున్నాను. నీళ్ళ పైన టప్ మని శబ్దమైంది. “అదే చెప్పుకున్న్యాదిలే, నువ్వు పోయి పండుకో” అని అవ్వ కాఫీ తాగింది. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో, తలుపు తీసి ఉండగానే ఆమె పోయింది.

ఇప్పుడు మా వీధిలో గంజి పెట్టిన పడుగులు లేవు. గుంటలు పూడ్చి టైల్సు పరిచారు. చిన్నాయన లేడు, పుస్తకం నా దగ్గరుంది. లాభం అని ఎంచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మా చెల్లెలి మనవరాలు తొట్టి ముందు నిలబడి సిక్స్, సెవెన్ అంటుంది, ఆ మాటలో ఏడుపు లేదు. పొడుగు మూతి చేప పేరు నాకిప్పుడు తెలుసు, కావాలంటే ఫోనులో అడిగితే ఇంటికే పంపుతారు. ఇంతవరకు అడగలేదు.

నీళ్ళు మార్చడం అయ్యాక గొట్టం చుట్టిపెట్టి, ఒక పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటాను. కొత్త నీళ్ళ చల్లదనానికి చేపలు ఒకటి తర్వాత ఒకటి పైకి వచ్చి గాలి మింగుతాయి. టప్, టప్. ఆరు వినిపిస్తాయి. కాసేపు ఏమీ ఉండదు. అప్పుడు ఇంకొకటి. ఒకే చేప రెండుసార్లు పైకి రావచ్చు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా తడి చేతులు చీరకు తుడుచుకుని లేచి వెళ్ళి, గడియ తీస్తాను. మెట్ల మీద ఎవరూ ఉండరు. కాఫీ తాగడం అయ్యేదాకా తలుపు తీసే ఉంచుతాను.